నోకియా మొబైల్ ఫోన్ల వ్యాపార పతనం

నోకియా ఫిన్లాండ్ దేశానికి చెందిన బహుళజాతి సంస్థ. 1998 నుండి 2011 వరకు మొబైల్ ఫోన్ల తయారీలో ప్రపంచంలో ఈ సంస్థదే ప్రథమ స్థానం. 2007 చివరి నాటికి ప్రపంచవ్యాప్తంగా అమ్ముడైన ప్రతి పది ఫోన్లలో సుమారు నాలుగు నోకియావే. స్మార్ట్‌ఫోన్లలో ఈ సంస్థ వాటా దాదాపు సగం. అయితే ఆపిల్ ఐఫోన్, గూగుల్ ఆండ్రాయిడ్ రంగప్రవేశం చేసిన తరువాత ఈ ఆధిక్యం వేగంగా క్షీణించినది. 2013 సెప్టెంబరులో నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని అమెరికాకు చెందిన మైక్రోసాఫ్ట్ సంస్థకు విక్రయించుటకు అంగీకరించినది. శాస్త్ర సాంకేతిక పరిజ్ఞానం, ధనబలం, పేరుప్రతిష్ఠలు అన్నీ ఉన్న సంస్థ అంత తక్కువ కాలంలో వెనుకబడిన తీరు వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ముఖ్యమైన పాఠ్యాంశంగా నిలిచినది. భారతదేశంలో దీని ప్రభావం తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు కర్మాగారం మూతపడుట ద్వారా కార్మికులపై నేరుగా పడినది.

== పుట్టుపూర్వోత్తరాలు ==

నోకియా మొదట ఫోన్ల సంస్థ కాదు. ఫ్రెడ్రిక్ ఇడెస్టామ్ అనే గనుల ఇంజనీరు 1865లో ఫిన్లాండ్‌లోని టాంపెరె పట్టణం వద్ద కాగితపు గుజ్జు మిల్లు స్థాపించాడు. కొద్ది సంవత్సరాలకు సమీపంలోని నోకియా అనే ఊరిలో రెండవ మిల్లు ప్రారంభించాడు. ఆ ఊరి పేరే సంస్థకు పేరైనది. 1967లో కాగితం తయారుచేసే నోకియా, రబ్బరు వస్తువులు తయారుచేసే ఫిన్నిష్ రబ్బర్ వర్క్స్, తీగలు తయారుచేసే ఫిన్నిష్ కేబుల్ వర్క్స్ అనే మూడు సంస్థలు విలీనమై నోకియా కార్పొరేషన్‌గా ఏర్పడినవి. కాగితం నుండి రబ్బరు బూట్ల వరకు, టెలివిజన్ల నుండి టెలిఫోన్ల వరకు పలు వస్తువులు తయారుచేసిన ఈ సంస్థ కాలానుగుణంగా వృత్తి మార్చుకొనుటలో పేరుపొందినది. తరువాతి కాలంలో మార్పును అందుకోలేక దెబ్బతిన్నది కూడా ఈ సంస్థయే.

== మొబైల్ రంగంలో ఎదుగుదల ==

1982లో కార్లలో అమర్చుకొనే మొబిరా సెనేటర్, 1987లో చేతిలో పట్టుకొనుటకు వీలైన మొబిరా సిటీమ్యాన్ ఫోన్లు విడుదలైనవి. 1991 జూలై 1న ఫిన్లాండ్ మాజీ ప్రధానమంత్రి హార్రి హోల్కేరి నోకియా పరికరాలతో ఏర్పాటైన నెట్‌వర్క్ ద్వారా ప్రపంచంలో మొదటి జి.ఎస్.ఎం. కాల్ చేశాడు. 1992లో యోర్మా ఓల్లిలా ముఖ్య కార్యనిర్వహణాధికారి అయిన తరువాత సంస్థ ఇతర వ్యాపారాలను క్రమంగా వదిలి టెలికాం రంగంపైననే దృష్టి నిలిపినది. 1998లో అమెరికాకు చెందిన మోటరోలాను అధిగమించి ప్రపంచంలో అతిపెద్ద మొబైల్ ఫోన్ల తయారీదారు అయినది. 2000 సంవత్సరం నాటికి ఫిన్లాండ్ దేశ స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 4 శాతం ఈ ఒక్క సంస్థ వలననే సమకూరేది.

2000లో విడుదలైన 3310 నమూనా 12 కోట్లకు పైగా, 2003లో విడుదలైన 1100 నమూనా 25 కోట్లకు పైగా అమ్ముడైనవి. 1100 నమూనాను ముఖ్యంగా అభివృద్ధి చెందుతున్న దేశాలను దృష్టిలో ఉంచుకొని రూపొందించారు. దుమ్ము చొరని మీటల పలక, జారిపోకుండా పట్టుకు అనువైన వెనుకభాగం, చిన్న టార్చిలైటు ఇందులోని విశేషాలు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఫోన్ ఇదే.

== భారతదేశంలోను, తెలుగు ప్రాంతాలలోను ==

భారతదేశంలో మొదటి మొబైల్ ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగినది. నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో నోకియా ఫోన్ ద్వారా మాట్లాడాడు. ఆ రోజులలో వచ్చే కాల్‌కు కూడా రుసుము చెల్లించవలసి ఉండేది. 2003 మే నెల నుండి వచ్చే కాల్స్ ఉచితం కావడంతో సెల్‌ఫోన్ సామాన్యుల చేతికి వచ్చినది. సరిగ్గా అదే సంవత్సరం 1100 నమూనా విడుదల కావడం నోకియాకు కలిసివచ్చినది.

ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాదు, నిజామాబాదు జిల్లాల నుండి అనేకులు గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారే. దూరదేశంలోని కుటుంబ సభ్యునితో మాట్లాడుటకు ఈ ప్రాంతంలోని ఇండ్లకు సెల్‌ఫోన్ అత్యవసర వస్తువైనది. హుస్నాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వంటి పట్టణాలలో రీఛార్జి, మరమ్మతు దుకాణాలు ఉపాధి మార్గంగా వెలసినవి. రాత్రివేళ కరెంటు వచ్చినప్పుడు బావి వద్దకు వెళ్లి మోటారు వేయవలసిన రైతుకు ఫోన్‌లోని టార్చిలైటు ఎంతగానో ఉపకరించేది. రోజుల తరబడి నిలిచే బ్యాటరీ, కింద పడినా చెడిపోని గట్టిదనం, ఎక్కడైనా దొరికే విడిభాగాలు ఈ ఫోన్లపై నమ్మకాన్ని పెంచినవి. 2000 దశకం చివరలో భారతీయ విపణిలో నోకియా వాటా సగానికి పైగా ఉండేది.

== స్మార్ట్‌ఫోన్లలో తొలి అడుగులు ==

నోకియాకు స్మార్ట్‌ఫోన్ తెలియకపోవుట వలన ఓడిపోయినదను అభిప్రాయం సరైనది కాదు. ఈ సంస్థ 1996లోనే ఈ-మెయిలు, ఫ్యాక్సు సౌకర్యాలు గల 9000 కమ్యూనికేటర్‌ను విడుదల చేసినది. 1998లో సియాన్, ఎరిక్‌సన్, మోటరోలా సంస్థలతో కలిసి సింబియన్ అనే సంస్థను స్థాపించినది. ఆ సంస్థ అభివృద్ధి చేసిన సింబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ 6600, ఎన్73, ఎన్95 వంటి ఫోన్లకు ఆధారం. 2005లో టచ్ స్క్రీన్ గల 770 ఇంటర్నెట్ టాబ్లెట్‌ను కూడా నోకియా విడుదల చేసినది. 2007లో వచ్చిన ఎన్95లో 5 మెగాపిక్సెల్ కెమెరా, జి.పి.ఎస్., వై-ఫై, 3జి సౌకర్యాలు ఉన్నవి. అదే సంవత్సరం విడుదలైన మొదటి ఐఫోన్‌లో జి.పి.ఎస్. గాని, 3జి గాని లేవు. దాని కెమెరా 2 మెగాపిక్సెల్ మాత్రమే.

కాగితంపై లెక్కించినచో నోకియా ఫోనే మెరుగైనది. అయినప్పటికీ కాలం ఐఫోన్ వైపు మొగ్గినది. నోకియా పతనాన్ని అర్థం చేసుకొనుటకు ఈ వైరుధ్యమే కీలకం.

== పోటీ ==

=== ఐఫోన్, ఆండ్రాయిడ్ ===

ఆపిల్ సంస్థ 2007 జనవరి 9న ఐఫోన్‌ను ప్రకటించి, జూన్ 29న అమెరికాలో విక్రయాలు ప్రారంభించినది. వేలితో తాకి నడిపే తెర, కంప్యూటర్‌లో వలె పూర్తి వెబ్ పేజీలను చూపే బ్రౌజర్ దీని ప్రత్యేకతలు. 2008 జూలైలో ఆపిల్ ఆప్ స్టోర్‌ను ప్రారంభించినది. దీనితో ప్రపంచంలోని ఏ ప్రోగ్రామరైనా ఫోన్ కొరకు అప్లికేషన్ తయారుచేసి నేరుగా వినియోగదారునికి అమ్ముకొనే అవకాశం ఏర్పడినది.

గూగుల్ నాయకత్వంలో 2007 నవంబరులో ప్రకటితమైన ఆండ్రాయిడ్ మరొక విధమైన పోటీ. ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏ తయారీదారైనా లైసెన్సు రుసుము లేకుండా వాడుకొనవచ్చును. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ 2008లో వచ్చినది. శామ్‌సంగ్, హెచ్.టి.సి., ఎల్.జి., మోటరోలా తదితర సంస్థలు దీనిని స్వీకరించినవి. సొంతంగా సాఫ్ట్‌వేర్ నిర్మించుకొనే భారం తప్పినందున చిన్న సంస్థలు కూడా తక్కువ ధరకు స్మార్ట్‌ఫోన్లు తయారుచేయగలిగినవి. అంటే నోకియా పోటీపడవలసినది ఒక ఫోన్‌తో కాదు, వందలాది సంస్థలు, లక్షలాది ప్రోగ్రామర్లు కలిసిన ఒక పెద్ద వ్యవస్థతో.

=== రెండు సిమ్‌ల ఫోన్లు ===

చౌక ఫోన్ల విభాగంలో పోటీ వేరొక దిశ నుండి వచ్చినది. భారతీయ వినియోగదారులు ఒక సంస్థ సిమ్‌ను తక్కువ ధర కాల్స్‌కు, మరొకదానిని సిగ్నల్ కొరకు వాడుట అలవాటు చేసుకొన్నారు. చైనాలో తయారైన రెండు సిమ్‌ల ఫోన్లను మైక్రోమ్యాక్స్, కార్బన్, హైదరాబాదు కేంద్రంగా 2009లో ప్రారంభమైన సెల్‌కాన్ వంటి భారతీయ సంస్థలు తక్కువ ధరకు అందించినవి. మైక్రోమ్యాక్స్ 2008లో ముప్పై రోజులు నిలిచే బ్యాటరీ గల ఫోన్‌తో గ్రామీణ ప్రాంతాలలో ప్రవేశించినది. నోకియా మాత్రం తన మొదటి రెండు సిమ్‌ల ఫోన్‌ను 2010లో గాని ప్రకటించలేదు. అప్పటికే ఆ విభాగంలో ఇతర సంస్థలు స్థిరపడినవి. పైనుండి ఐఫోన్, క్రిందినుండి చౌక ఫోన్లు, మధ్యలో ఆండ్రాయిడ్ ఒకేసారి నోకియాను చుట్టుముట్టినవి.

== విండోస్ ఫోన్ నిర్ణయం ==

2006 నుండి నాయకత్వం వహించిన ఓల్లి-పెక్కా కల్లస్‌వూ స్థానంలో 2010 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ నుండి వచ్చిన స్టీఫెన్ ఎలోప్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా నియమితుడైనాడు. ఫిన్లాండ్ దేశస్థుడు కానివారు ఈ పదవి చేపట్టుట అదే మొదటిసారి. 2011 ఫిబ్రవరిలో ఎలోప్ ఉద్యోగులకు రాసిన లేఖ ఒకటి బయటకు వచ్చినది. సముద్రం మధ్యలో మంటలలో చిక్కుకొన్న చమురు వేదికపై నిలబడిన మనిషితో ఆయన తమ సంస్థను పోల్చాడు. అక్కడే ఉండి కాలిపోవడమా, గడ్డకట్టే నీటిలోకి దూకడమా అన్నదే ఆ మనిషి ముందున్న ప్రశ్న.

కొద్ది రోజులకే, ఫిబ్రవరి 11న, తమ స్మార్ట్‌ఫోన్లలో సింబియన్ స్థానంలో మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ వాడనున్నట్లు నోకియా ప్రకటించినది. మొదటి విండోస్ ఫోన్లయిన లూమియా శ్రేణి మాత్రం అదే సంవత్సరం అక్టోబరులో గాని వెలువడలేదు. ఈ మధ్యకాలంలో, త్వరలో నిలిపివేయబడునని సంస్థయే చెప్పిన సింబియన్ ఫోన్లను కొనుటకు ప్రజలు ఆసక్తి చూపలేదు. పాత ఆదాయం తగ్గినది, కొత్త ఆదాయం ఇంకా మొదలు కాలేదు.

ఇంటెల్ సంస్థతో కలిసి అభివృద్ధి చేసిన మీగో ఆపరేటింగ్ సిస్టమ్‌తో 2011లో విడుదలైన ఎన్9 విమర్శకుల ప్రశంసలు పొందినది. కాని అప్పటికే ఆ మార్గాన్ని విడిచిపెట్టుటకు నిర్ణయం జరిగిపోయినది. 2012లో వచ్చిన విండోస్ ఫోన్ 8ను మొదటి లూమియా ఫోన్లలో వేసుకొనే వీలు లేకపోవడం కొన్నవారిని నిరాశపరచినది. 2013లో వచ్చిన లూమియా 520 భారతదేశంలో కూడా బాగా అమ్ముడైనప్పటికీ, ప్రజలు కోరుకొన్న అనేక అప్లికేషన్లు విండోస్ ఫోన్‌కు ఆలస్యంగా వచ్చేవి, లేదా వచ్చేవే కావు. వాడేవారు తక్కువ కావున అప్లికేషన్లు రాసేవారు తక్కువ. అప్లికేషన్లు తక్కువ కావున వాడేవారు తక్కువ. ఈ వలయం నుండి విండోస్ ఫోన్ బయటపడలేదు.

2011 రెండవ త్రైమాసికంలో స్మార్ట్‌ఫోన్ల అమ్మకాలలో ఆపిల్, 2012 మొదటి త్రైమాసికంలో మొత్తం ఫోన్ల అమ్మకాలలో శామ్‌సంగ్ నోకియాను దాటినవి. పద్నాలుగేళ్ల ఆధిక్యం ముగిసినది. 2012లో ఫిన్లాండ్‌లోని సాలో కర్మాగారం మూతపడినది. అదే సంవత్సరం డిసెంబరులో సంస్థ తన ప్రధాన కార్యాలయ భవనాన్ని 17 కోట్ల యూరోలకు అమ్మి, అందులోనే అద్దెకు కొనసాగినది.

== మైక్రోసాఫ్ట్ చేతిలో ==

2013 సెప్టెంబరు 3న నోకియా ఫోన్ల వ్యాపారాన్ని, పేటెంట్ల వినియోగ హక్కులతో కలిపి, 544 కోట్ల యూరోలకు కొనుగోలు చేయుటకు మైక్రోసాఫ్ట్ ఒప్పందం చేసుకొన్నది. నాటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ ఈ కొనుగోలుకు ముఖ్య ప్రోత్సాహకుడు. ఒప్పందం 2014 ఏప్రిల్ 25న అమలులోకి వచ్చునాటికి సంస్థ పగ్గాలు హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల చేతికి వచ్చినవి. ఆయన 2014 ఫిబ్రవరి 4న ఈ పదవి చేపట్టాడు. నాయకత్వ బృందం అభిప్రాయం అడిగినప్పుడు తాను ఈ కొనుగోలును వ్యతిరేకించినట్లు నాదెళ్ల 2017లో వెలువడిన తన పుస్తకం హిట్ రిఫ్రెష్‌లో తెలిపాడు.

2014 జూలైలో మైక్రోసాఫ్ట్ 18,000 ఉద్యోగాల తొలగింపును ప్రకటించినది. వీటిలో సుమారు 12,500 నోకియా నుండి వచ్చిన విభాగానికి చెందినవే. 2015 జూలైలో మరో 7,800 ఉద్యోగాలు తొలగిస్తున్నట్లు, నోకియా కొనుగోలుకు సంబంధించి 760 కోట్ల డాలర్ల విలువను నష్టంగా రాసివేస్తున్నట్లు ప్రకటించినది. చెల్లించిన మొత్తం దాదాపు పూర్తిగా నష్టమైనట్లే. 2016 మేలో సాధారణ ఫోన్ల విభాగాన్ని 35 కోట్ల డాలర్లకు ఫాక్స్‌కాన్ అనుబంధ సంస్థకు, ఫిన్లాండ్‌లో కొత్తగా ఏర్పడిన హెచ్.ఎం.డి. గ్లోబల్ సంస్థకు విక్రయించుటకు అంగీకరించినది.

== శ్రీపెరుంబుదూరు కర్మాగారం ==

చెన్నై సమీపంలోని శ్రీపెరుంబుదూరులో ప్రత్యేక ఆర్థిక మండలిగా ఏర్పాటైన నోకియా కర్మాగారంలో 2006లో ఉత్పత్తి ప్రారంభమైనది. విడిభాగాలు తయారుచేసే సంస్థలు కూడా చుట్టుపక్కల వెలసినవి. కర్మాగారంలో ఒక దశలో సుమారు 8,000 మంది నేరుగా పనిచేసేవారు. వారిలో అధికసంఖ్యాకులు గ్రామాల నుండి చదువు ముగించి వచ్చిన యువతులు.

2013 జనవరిలో ఆదాయపు పన్ను శాఖ ఈ కర్మాగారంలో తనిఖీలు జరిపి, సాఫ్ట్‌వేర్ నిమిత్తం మాతృసంస్థకు చేసిన చెల్లింపులపై పన్ను మినహాయించలేదన్న కారణంగా సుమారు 2,000 కోట్ల రూపాయలు కట్టవలసినదిగా కోరినది. తమిళనాడు ప్రభుత్వం కూడా అమ్మకపు పన్ను విషయంలో సుమారు 2,400 కోట్ల రూపాయలకు వేరుగా తాఖీదు ఇచ్చినది. కర్మాగారం ఆస్తుల బదిలీపై ఆంక్షలు ఏర్పడినవి. బదిలీకి అనుమతి కావలెనన్నచో 3,500 కోట్ల రూపాయల హామీ ఇవ్వవలెనన్న షరతును 2014 మార్చిలో సుప్రీంకోర్టు సమర్థించినది. ఫలితంగా ఈ కర్మాగారం మైక్రోసాఫ్ట్‌కు చెందకుండా నోకియా వద్దనే మిగిలిపోయినది. ఫోన్ల వ్యాపారం ఒకచోటికి, ఫోన్లు చేసే కర్మాగారం మరొకచోటికి విడిపోయినవి.

2014 వేసవిలో వేలాదిమంది కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద వైదొలగినారు. వారిలో చాలామంది వయస్సు పదవీ విరమణకు ఏమాత్రం దగ్గరగా లేదు. మైక్రోసాఫ్ట్ కొనుగోలు ఆర్డర్లను నిలిపివేసిన కారణంగా 2014 నవంబరు 1న ఉత్పత్తి ఆగిపోయినది. సింబియన్‌ను కొనసాగించుటలోగాని, విండోస్‌ను ఎంచుకొనుటలోగాని, పన్ను వివాదంలోగాని ఈ కార్మికుల ప్రమేయం లేదు. వారు తయారుచేసిన ఫోన్ల నాణ్యతపై ఫిర్యాదు కూడా లేదు.

పన్ను వివాదం 2018లో పరిష్కారమైనది. ఛార్జర్లు తయారుచేసే సాల్‌కాంప్ సంస్థ ఈ కర్మాగారాన్ని తీసుకొని 2020లో తిరిగి తెరచినది. ఈలోగా చెన్నైకి ఉత్తరాన, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులలోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం 2015లో ప్రారంభమై చైనాకు చెందిన షియోమీ ఫోన్లను తయారుచేయసాగినది. 2017లో హెచ్.ఎం.డి. వారి నోకియా పేరుగల ఫోన్లు కూడా అక్కడే తయారైనవి.

== పతనానికి కారణాలు ==

పరిశీలకులు సాధారణంగా పేర్కొనే కారణాలు ఇవి:

* '''విలువ స్థానం మారుట:''' ఫోన్ విలువ పరికరం నుండి సాఫ్ట్‌వేర్‌కు మారినది. నోకియా బలమంతా మంచి పరికరాన్ని చౌకగా, కోట్ల సంఖ్యలో తయారుచేయుటలో ఉన్నది.
* '''సింబియన్ పరిమితులు:''' తక్కువ జ్ఞాపకశక్తి గల, మీటలతో నడిచే ఫోన్ల కొరకు రూపొందిన సింబియన్‌ను టచ్ స్క్రీన్‌కు అనువుగా మార్చుట కష్టమైనది. దానికి అప్లికేషన్లు రాయుట కూడా శ్రమతో కూడిన పని.
* '''నమూనాల విస్తారం:''' నోకియా ఏటా డజన్ల కొద్దీ నమూనాలు విడుదల చేసేది. వేర్వేరు తెరలు, వేర్వేరు సాఫ్ట్‌వేర్ కూర్పులు ఉన్నందున ఒక అప్లికేషన్ అన్నింటిలో పనిచేసేది కాదు.
* '''నిర్ణయాలలో ఊగిసలాట:''' సింబియన్, మేమో, మీగో, విండోస్ అని మార్గాలు మారుతూ పోవుటచే ఏ ఒక్కటీ నిలదొక్కుకొనలేదు.
* '''భయం:''' టిమో వువోరి, క్వీ హుయ్ అను పరిశోధకులు నోకియా ఉద్యోగులు తదితరులతో జరిపిన 76 ముఖాముఖీల ఆధారంగా 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. పై అధికారులు పోటీదారులకు, వాటాదారులకు భయపడగా, మధ్యస్థాయి అధికారులు పై అధికారులకు భయపడి సాఫ్ట్‌వేర్ సిద్ధం కాలేదన్న నిజాన్ని చెప్పలేకపోయారని ఇందులో తేలినది.
* '''విజయమే అడ్డంకి అగుట:''' 2007లోను, 2008లోను అమ్మకాలు భారీగానే ఉన్నవి. లాభాలు వస్తున్నప్పుడు పద్ధతి మార్చుకొనవలెనని ఒప్పించుట ఏ సంస్థలోనైనా కష్టమే.

== తరువాతి పరిణామాలు ==

ఫోన్లను వదులుకొన్నప్పటికీ నోకియా సంస్థ అంతరించలేదు. 2013లో సీమెన్స్ వాటాను కొని నెట్‌వర్క్ పరికరాల వ్యాపారాన్ని పూర్తిగా తన ఆధీనంలోకి తెచ్చుకొన్నది. 2016లో అల్కాటెల్-లూసెంట్‌ను, దానితోపాటు సుప్రసిద్ధ బెల్ లాబ్స్ పరిశోధన సంస్థను స్వాధీనం చేసుకొన్నది. భారతదేశంలో పుట్టిన రాజీవ్ సూరి 2014 నుండి 2020 వరకు ఈ సంస్థకు నాయకత్వం వహించాడు. 2022లో భారతదేశంలోని 5జి సేవల కొరకు ఎయిర్‌టెల్, జియో సంస్థలు నోకియా పరికరాలను ఎంచుకొన్నవి. చేతిలోని ఫోన్‌పై పేరు లేకపోయినా, ఆ ఫోన్ మాట్లాడే టవర్‌పై నోకియా పరికరం ఉండవచ్చును. హెచ్.ఎం.డి. గ్లోబల్ నోకియా పేరును లైసెన్సుపై తీసుకొని 2017 నుండి ఆండ్రాయిడ్ ఫోన్లను విడుదల చేసినది. 2024 నుండి తన సొంత పేరుతో కూడా ఫోన్లు అమ్ముతున్నది.

నోకియాను ఓడించిన సంస్థలకు కూడా ఇదే అనుభవం ఎదురైనది. భారతదేశంలో నోకియా స్థానాన్ని ఆక్రమించిన మైక్రోమ్యాక్స్, కార్బన్, సెల్‌కాన్ సంస్థలు చైనా నుండి నేరుగా వచ్చిన షియోమీ, వివో, ఒప్పో సంస్థల ధాటికి నిలువలేకపోయినవి. 2016 సెప్టెంబరులో జియో 4జి సేవలు ప్రారంభమైనప్పుడు 3జి ఫోన్ల నిల్వలతో ఉన్న దేశీయ సంస్థలు వెనుకబడినవి. 2017 చివరి త్రైమాసికంలో షియోమీ శామ్‌సంగ్‌ను సైతం అధిగమించి భారతీయ స్మార్ట్‌ఫోన్ విపణిలో మొదటి స్థానానికి వచ్చినది. నెట్‌వర్క్, సాఫ్ట్‌వేర్, ధర అనే మూడింటిలో ఏ ఒక్కటి మారినా మొదటి స్థానంలోని సంస్థ మారినట్లు గత రెండు దశాబ్దాల భారతీయ మొబైల్ ఫోన్ల చరిత్ర తెలుపుతున్నది.